కద్రువ గుడ్లు, రక్తపింజర పిల్లలు

గత ఆగస్టు నెలాఖరున మా పొరుగున ఉండే తెలుగువారి ఇంట ఒక చిన్న తగవు వచ్చింది. తగవు అమ్మమ్మకు, మనుమడికి మధ్య. మనుమడికి తొమ్మిదేళ్ళు. పుట్టిందీ, పెరుగుతున్నదీ ఈ మిషిగన్ రాష్ట్రంలోనే. పెరటిలో పేర్చిన కట్టెల పక్కన ఒక గార్టర్ పాము ఒకదాని వెంట ఒకటిగా పిల్లలను కంటూండగా వాడు కళ్ళారా చూశాడు. పదిహేడు వరకు లెక్కపెట్టి, ఆ మీదట లెక్క తప్పాడట. పరుగున లోపలికి పోయి అమ్మమ్మకు చెప్పాడు. ఆవిడ గుడివాడ దగ్గర పల్లెటూరి నుండి వేసవికి కూతురింటికి వచ్చిన మనిషి. "పాము పిల్లల్ని కనడమేమిట్రా? పాములు గుడ్లు పెడతాయి. కద్రువ కథ నీకు ఎన్నిసార్లు చెప్పలేదూ?" అన్నది. "గుడ్లు లేవు అమ్మమ్మా, నేను చూశాను" అని వాడు. ఎప్పుడో జంతుశాస్త్రం చదువుకున్నవాడినన్న పాపానికి తీర్పు చెప్పవలసిన భారం నా మీద పడింది. "కద్రువ కథ అబద్ధమా అంకుల్?" అని వాడు అడిగిన తీరు చూస్తే, వాడి దిగులు పాము గురించి కాదనీ, అమ్మమ్మ చెప్పిన కథలన్నీ ఏమైపోతాయోననీ నాకు తోచింది.

ఆ కథ పాఠకులకు కొత్తది కాదు. కశ్యప ప్రజాపతిని కద్రువ వేయిమంది కొడుకులను కోరింది. ఆమె సవతి వినత అంతకంటె బలవంతులైన ఇద్దరు చాలునన్నది. ఒకరికి వేయి గుడ్లు, మరొకరికి రెండు గుడ్లు కలిగినవి. సంస్కృత భారతంలో ఆ గుడ్లను వెచ్చదనం, చెమ్మ గల పాత్రలలో ఐదువందల యేండ్లు భద్రపరచినట్లు చెప్పబడింది. కద్రువ గుడ్లు పగిలి నాగులు పుట్టినవి. వినత ఓర్వలేక తన గుడ్లలో ఒకదానిని ముందే చిదిపితే, క్రింది సగం ఏర్పడని అనూరుడు బయటపడి తల్లిని శపించాడు. పురాణాన్ని శాస్త్రంగా మార్చి చూపే అలవాటు నాకు లేదు. కాని ఈ కథ కట్టినవారికి పాము గుడ్లను గమనించిన అనుభవం ఉన్నదని మాత్రం నిస్సందేహంగా చెప్పగలను. పాము గుడ్డుకు కావలసినవి సరిగ్గా ఆ రెండే: వెచ్చదనం, చెమ్మ. గడువు తీరకముందు చిదిపితే లోపలి జీవి అసంపూర్ణంగానే ఉంటుంది.

మన పూర్వులు ప్రాణులను అండజాలు, జరాయుజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు అని విభజించారు. మనుస్మృతి పాములను పక్షులతోను, మొసళ్ళతోను, తాబేళ్ళతోను కలిపి అండజాలలో చేర్చింది. అమ్మమ్మగారి పక్షాన ఉన్న శాస్త్రం ఇది. మనుమడి పక్షాన ఉన్నది కంటితో చూచిన సాక్ష్యం. ఇద్దరూ నిజమే చెప్పారు. ప్రపంచంలో ఇప్పటికి గుర్తించిన పాము జాతులు నాలుగు వేలకు పైగా ఉన్నవి. పాములను, బల్లులను కలిపి లెక్కిస్తే ఐదింట నాలుగు వంతుల జాతులు గుడ్లు పెట్టేవి. తక్కిన ఒక వంతు పిల్లలను కనేవి. ఇందుకు పరదేశం పోనక్కరలేదు. తెలుగునేల మీద నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు, నీరుకట్టె, కొండచిలువ గుడ్లు పెడతాయి. రక్తపింజర, చిన్నపింజర, చెట్లమీద తీగవలె వ్రేలాడే పసిరిక పాము, ఇసుకనేలలో తిరిగే ఇరుతలల పాము పిల్లలను కంటాయి. మన దేశంలో పాముకాటుకు వాడే విషహర ఔషధం ఏ నాలుగు పాములను ఉద్దేశించి తయారవుతున్నదో, ఆ నాలుగింటిలోనే రెండు అండజాలు, రెండు శిశుజనకాలు. పుట్టకు మ్రొక్కే ఇంటివారికి నాగుపాము ఒక్కటే పాముగా కనిపించడం వలన గుడ్ల సంగతి మాత్రమే కథలకెక్కింది కాబోలు.

ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్న అంతరం మనం అనుకున్నంత పెద్దది కాదు. అది తెలియడానికి ముందు పాము గుడ్డును ఒకసారి దగ్గరగా చూడాలి. అది కోడిగుడ్డు వలె పెళుసైన పెంకు గలది కాదు. పలుచని తోలువంటి, నొక్కితే సొట్టపడే పొర గలది. చుట్టూ ఉన్న మట్టి నుండి అది నీటిని పీల్చుకుని క్రమంగా ఉబ్బుతుంది. మట్టి ఎండిపోతే గుడ్డు ముడతలు పడి లోపలి పిండం చనిపోతుంది. కోడి తన గుడ్లను రోజూ దొర్లిస్తుంది. పాము గుడ్డును మాత్రం పెట్టిన కొద్ది దినాల తరువాత అటూ ఇటూ దొర్లించకూడదు. అందుకే జంతుప్రదర్శనశాలలలో పాము గుడ్లను తీసేటప్పుడు పైభాగాన పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటారు. గడువు తీరగానే పిల్ల తన ముట్టె చివర మొలిచిన చిన్న గుడ్డుపన్నుతో ఆ తోలును కోసి తల బయట పెడుతుంది. తొందరపడి వెలికి రాదు. ఒకటి రెండు రోజులు అలాగే తల మాత్రం బయటపెట్టి లోకాన్ని చూస్తూ ఉంటుంది. ఆ పన్ను ఆ తరువాత రాలిపోతుంది.

అసలు విశేషం ఇంకొకటున్నది. పాము గుడ్డు పెట్టే నాటికే అందులో పిండం పెరుగుదల చాలవరకు సాగి ఉంటుంది. గుడ్డు తల్లి గర్భనాళంలో కొన్ని వారాలు గడిపిన తరువాతనే బయటికి వస్తుంది. అంటే గుడ్లు పెట్టే పాము కూడ కొంతకాలం గర్భం మోసినదే. ఎంతకాలం మోస్తుందన్నదే తేడా. మా రాష్ట్రంలోనే దొరికే ఒక పచ్చని చిన్న పామును అమెరికావారు స్మూత్ గ్రీన్ స్నేక్ అంటారు. సాధారణంగా పాము గుడ్లు పొదగడానికి రెండు నెలలు పడుతుంది. మిషిగన్ ఉత్తరభాగంలో ఈ పాము పెట్టిన గుడ్లు కొన్ని నాలుగు రోజులకే పగిలినట్లు 1930ల నాటి పరిశీలనలలో నమోదయింది. నాలుగు రోజులు! తల్లి మరి నాలుగు రోజులు ఓపిక పట్టి ఉంటే ఆ పామును మనం పిల్లలను కనే పాముల జాబితాలో వేసేవాళ్ళం.

నేను కళాశాలలో చదివిన పుస్తకాలలో మూడు పెట్టెలుండేవి. గుడ్లు పెట్టేవి అండోత్పాదకాలు, పిల్లలను కనేవి శిశూత్పాదకాలు, గుడ్లను కడుపులోనే పొదిగి పిల్లలను వదిలేవి అండశిశూత్పాదకాలు. పాములలో పిల్లలను కనే వాటినన్నిటినీ మూడవ పెట్టెలో పడవేసి, తల్లి కేవలం ఒక సంచి మాత్రమే, పోషణ అంతా గుడ్డులోని పచ్చసొనదే అని వ్రాయించేవారు. నేనూ అలాగే వ్రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది సరికాదని తరువాత తేలింది. పిల్లలను కనే పాములలో పెంకు పలుచబడి దాదాపు మాయమవుతుంది. పిండం చుట్టూ ఉన్న పొరలు తల్లి గర్భనాళపు గోడకు ఆనుకుని ఒక విధమైన జరాయువును ఏర్పరుస్తాయి. ప్రాణవాయువు, నీరు దాని ద్వారానే అందుతాయి. మా పొరుగింటి పిల్లవాడు చూచిన గార్టర్ పాము వంటివాటిలో పచ్చసొన ప్రధానాహారమే అయినా, కొంత పోషకపదార్థం కూడ తల్లి రక్తం నుండి పిల్లకు చేరుతుంది. ఈ కారణం చేత చాలామంది శాస్త్రజ్ఞులు ఆ మూడవ పెట్టెను ఇప్పుడు వాడడం లేదు. మన పాత మాటలలో చెప్పాలంటే గార్టర్ పాము అక్షరాలా జరాయుజమే.

సరే, ఎందుకీ భేదం? ఏది ముందు, ఏది తరువాత? గుడ్డే ముందు. సర్పజాతి పూర్వులు గుడ్లు పెట్టేవి. బల్లులలోను, పాములలోను కలిపి నూరుసార్లకు మించి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, పిల్లలను కనే పద్ధతి పుట్టినదని అంచనా. క్షీరదాలలో ఇది ఏనాడో ఒక్కసారి పుట్టి స్థిరపడిన సంగతి తలచుకుంటే ఈ సంఖ్య ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇన్నిసార్లు పుట్టడానికి మొదటి కారణం చలి అని చాలామంది అభిప్రాయం. పాముకు తన ఒంట్లో వేడి పుట్టించుకునే శక్తి లేదు. చలిదేశంలో మట్టిలో పెట్టిన గుడ్డు వేసవి ముగిసేలోగా పొదగకపోతే అంతే సంగతులు. అదే గుడ్డు తల్లి కడుపులో ఉంటే, తల్లి ఎండలోకి జరిగి వేడెక్కుతుంది, పొద్దు వాలితే బండ క్రిందికి దూరుతుంది. గుడ్డుకు కాళ్ళు లేవు. తల్లికీ లేవనుకోండి, కాని ఆమె కదలగలదు.

దీనికి సాక్ష్యం మంచుదేశాలలో కనబడుతుంది. ఐరోపాలో యాడర్ అనే విషసర్పం ఉత్తర ధ్రువవలయాన్ని కూడ దాటి స్కాండినేవియాలో నివసిస్తున్నది. అది పిల్లలను కనేది. ఇంగ్లండులో ఉంటున్న మనవారికి దానితోపాటు గ్రాస్ స్నేక్ కూడ తెలిసే ఉంటుంది. ఆ చలిలో గుడ్లు పెట్టి నెగ్గుకు వస్తున్న ఆ పాము చేసే ఉపాయం చిత్రమైనది. కుళ్ళుతున్న ఆకులు, పేడ కలిసిన ఎరువుకుప్పలను వెతికి అందులో గుడ్లు పెడుతుంది. కుళ్ళే పదార్థం నుండి పుట్టే వేడి తల్లి పని చేసిపెడుతుంది. మన పల్లెలలో పెంటకుప్ప పొద్దున్నే ఆవిర్లు చిమ్మడం చూచినవారికి ఇది వింతగా తోచదు.

చలి ఒక్కటే కారణమైతే మరి మండుటెండల పల్నాటిలో, రాయలసీమలో రక్తపింజర పిల్లలను ఎందుకు కంటున్నది? ఇక్కడ వంశాన్ని కూడ లెక్కలోకి తీసుకోవాలి. పింజర కుటుంబానికి ఇంగ్లీషులో ఉన్న వైపర్ అన్న పేరే, ప్రాణమున్న పిల్లలను కనేది అన్న అర్థంగల లాటిన్ మాటల నుండి వచ్చింది. అయినా ఆ కుటుంబంలో అందరూ ఆ పేరును నిలబెట్టలేదు. మన చిన్నపింజర పిల్లలను కంటుంది. అరేబియా రాతికొండలలో ఉండే దాని దాయాది పింజర గుడ్లు పెడుతుంది. నాగుపాముల కుటుంబంలో కథ తారుమారు. అక్కడ గుడ్లు పెట్టడమే రివాజు. కాని దక్షిణాఫ్రికాలో రింకాల్స్ అనే పాము అచ్చం నాగుపాము వలె పడగ విప్పి, విషం కూడ చిమ్మి, చివరకు గుడ్లు పెట్టకుండా పిల్లలను కంటుంది. బంగాళాఖాతంలో మన మత్స్యకారుల వలలలో పడే సముద్రసర్పాలు ఆ కుటుంబానికి చెందినవే. నీటిలో గుడ్డు పెడితే పిండానికి ఊపిరాడదు. కనుక అవి నడిసముద్రంలోనే పిల్లలను కంటాయి. మలేసియా తీరాలలో కనిపించే సముద్రపు కట్లపాములు మాత్రం ఆ మార్గం పట్టలేదు. గుడ్లు పెట్టడానికి తప్పనిసరిగా ఒడ్డుకు, రాళ్ళసందుల్లోకి వస్తాయి. ఒకసారి ఒక వంశంలో స్థిరపడిన పద్ధతి వేడిదేశానికి వచ్చినంత మాత్రాన మారిపోదు. పైగా వేడిదేశంలోనూ దానికి లాభాలున్నవి. చెరువు పొంగినా, నేల బీటలు తీసినా, ఉడుము త్రవ్వినా, చీమలు పట్టినా గుడ్లకే గాని కడుపులోని పిల్లలకు భయం లేదు.

గుడ్లు పెట్టే తల్లులు వాటిని అలా వదిలేసి పోతాయని అనుకోవడం కూడ పొరపాటు. చాలా జాతులు వదిలేసే మాట నిజమే. నాగుపాము మాత్రం వేసవిలో ఎలుకబొరియలోనో పుట్టలోనో గుడ్లు పెట్టి, సుమారు రెండు నెలలపాటు దగ్గరనే ఉంటుంది. (కార్తీకమాసంలో నాగులచవితికి మనం పుట్టలో పాలు పోసే నాటికి ఆ పిల్లలు పుట్టి చాలాకాలమై, ఎవరి దారిన వారు పోయి ఉంటారు.) తూర్పు కనుమలలో, విశాఖ మన్యం వైపు ఉండే గిరినాగు మరొక అడుగు ముందుకు వేసింది. ఇరవై నలభై గుడ్లకోసం ఆడపాము తన ఒంటిచుట్టలతో ఎండుటాకులను లాగి పోగుచేసి కుప్పగా గూడు కడుతుంది. చేతులు లేని ప్రాణి గూడు కట్టడమన్నది ఊహించుకుంటేనే ఆశ్చర్యం. దాని మీద తానే పహరా కాస్తుంది.

కొండచిలువ సంగతి ఇంకా విచిత్రం. అది గుడ్లను కుప్పగా చేసి చుట్టలు చుట్టుకుని పడుకుంటుంది. ఆ చుట్టల మధ్య వేడిగా ఉంటున్నదని 19వ శతాబ్దంలో చెప్పినప్పుడు శీతలరక్త జీవికి వేడెక్కడిదని పండితులు నమ్మలేదు. 1841లో పారిస్ జంతుప్రదర్శనశాలలో వలెన్సియెన్ అనే శాస్త్రజ్ఞుడు స్వయంగా ఉష్ణమాపకం పెట్టి చూశాడు. వేడి నిజమే. అది ఎలా పుడుతున్నదో 1966లో న్యూయార్కులో ఒక బర్మా కొండచిలువను పరీక్షించి తేల్చారు. తల్లి తన కండరాలను ఉండి ఉండి బిగిస్తూ వదులుతూ, మనం చలికి వణికినట్లు వణుకుతుంది. పరిసరాలకంటె సుమారు 5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిని ఆ విధంగా నిలుపుకుంటుంది. గది చల్లబడేకొద్దీ వణుకు వేగం హెచ్చింది. ఈ కష్టమంతా మంచికే వస్తుందని లేదు. ఫ్లారిడాలో పెంపుడు జంతువులుగా వచ్చి అడవుల పాలైన బర్మా కొండచిలువలు అక్కడి జంతువులను తినివేస్తున్నవి. అక్కడ పట్టుబడిన 215 పౌనుల ఆడపాము కడుపులో పెరుగుతున్న గుడ్లు 122 అని 2022లో ప్రకటించారు.

ఇంత మాతృత్వం ఉన్న ప్రాణికి మన ఊళ్ళలో, తన పిల్లలను తానే తినే పాపిష్ఠిది అన్న పేరు ఎందుకు వచ్చిందో! చుట్టలో చిక్కిన పిల్లలను మ్రింగుతుంది, తప్పించుకున్నవే బ్రతుకుతాయి అని నా చిన్నతనంలో విన్నాను. మెక్సికోలోని ఒక గిలకపాము జాతిలో తల్లి, చచ్చి పుట్టిన పిల్లలను, పెరుగుదల లేని గుడ్లను తినివేసి, ప్రసవంలో పోయిన శక్తిని కొంత తిరిగి తెచ్చుకుంటుందని పరిశీలించారు. ఆ దృశ్యాన్ని చూచినవారు తక్కినది అల్లుకుని ఉండవచ్చును. బ్రతికిన పిల్లలను అది ముట్టదు. అమెరికా గిలకపాములు కొన్ని, పిల్లలు మొదటి కుబుసం విడిచేదాకా వారం పది రోజులు వాటిని అంటిపెట్టుకునే ఉంటాయి.

ఇలాంటిదే మరొక అపప్రథ జెర్రిపోతుది. పేరులో పోతు ఉన్నది కదా అని దానిని మగదానిగా ఎంచి, నాగుపాముతో జతకట్టుతుందని నమ్మేవారు నేటికీ ఉన్నారు. జెర్రిపోతులలో ఆడవి ఉన్నవి. అవి పది అటూ ఇటూగా గుడ్లు పెడతాయి. రెండు పాములు నిలువుగా లేచి పెనవేసుకుని ఆడుతూంటే అది దాంపత్యమని మురిసి పైన తెల్లగుడ్డ కప్పేవారు. చాలావరకు అది రెండు మగ జెర్రిపోతుల కుస్తీ.

ఇక రక్తపింజర వద్దకు తిరిగి రావాలి. ఎందుకంటే పిల్లలను కనడంలో ఉన్న లాభానికి తల్లి చెల్లించే మూల్యం అక్కడ స్పష్టంగా కనబడుతుంది. ఆరు నెలలకు పైగా ఆమె గర్భం మోస్తుంది. ఒళ్ళు బరువెక్కి పరుగు తగ్గుతుంది. వేట మందగిస్తుంది. పిండాలకు వేడి కావాలి గనుక ఎండకోసం బయట పడి ఉండవలసి వస్తుంది. అంటే మనిషి కర్రకు దొరికేది ముందు ఆ తల్లే. గుడ్లు పెట్టిన పామును చంపితే గుడ్లు మిగలవచ్చును. గర్భంతో ఉన్న పింజరను చంపితే ఇరవైనుండి నలభై ప్రాణాలు ఒక్క దెబ్బతో పోతాయి. పోనీ, విషసర్పమే కదా అనవచ్చును. ఆ మాటను నేను తేలికగా కొట్టివేయను. రక్తపింజర పిల్లలు ముఖ్యంగా జూన్, జూలై నెలలలో పుడతాయి. జానెడు పొడవున్న ఆ పిల్లలకు పుట్టిన క్షణం నుండే కోర ఉన్నది, విషం ఉన్నది. సరిగ్గా అప్పుడే మన రైతుకూలీలు వట్టి కాళ్ళతో నారుమళ్ళలో దిగుతారు. 2000 నుండి 2019 వరకు భారతదేశంలో పాముకాటుకు బలియైనవారు సుమారు 12 లక్షలని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబరుల మధ్యవే. ఎక్కువ నష్టపోయిన రాష్ట్రాలలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నవి. ఊరికి ఫోను చేసినప్పుడు మోకాలి వరకు వచ్చే బూట్లు, ఒక మంచి టార్చిలైటు కొనుక్కోమని, కాటు పడితే మంత్రగాడి వద్ద గంట పోగొట్టకుండా ఆసుపత్రికి పొమ్మని చెప్పడం కర్రకంటె ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. ఎలుకలను తినిపెట్టే పాము పొలంలో లేకపోతే ఎలుకలు పెరిగి, వాటి వెంట మరొక పింజర వస్తుంది.

మా మిషిగన్‌లో ఉన్న ఒకే ఒక విషసర్పం మసాసాగా అనే చిన్న గిలకపాము. అదీ పిల్లలను కనేదే. ఆడపాము ప్రతి యేడూ కనలేదు. ఒక కాన్పు తరువాత కోలుకోవడానికి తరచు మరొక సంవత్సరం పడుతుంది. బురదనేలలు పూడ్చి ఇళ్ళు కట్టడంతో అది తరిగిపోయి, 2016లో సమాఖ్య ప్రభుత్వం దానిని ముప్పు ముంచుకొచ్చిన జాతుల పట్టికలో చేర్చింది. తల్లులు కొద్దిమంది, కాన్పులు ఎడం. అటువంటి జాతిని తుడిచివేయడానికి ఎక్కువ కర్రలు అక్కరలేదు.

మన ఇరుతలల పాముది అంతకంటె అన్యాయమైన కథ. విషం లేదు, కాటు వేయడమే అరుదు. తోక మొద్దుగా తలవలె ఉండడం దాని పాపం. ఇంట ఉంటే లంకెబిందెలు దొరుకుతాయనీ, రోగాలు నయమవుతాయనీ నమ్మించి లక్షలకు, కోట్లకు బేరమాడే ముఠాలు మన రెండు రాష్ట్రాలలోనూ పట్టుబడుతూనే ఉన్నవి. బరువు హెచ్చితే ధర హెచ్చునట. ఈ పాము పిల్లలను కనేదన్న సంగతి గుర్తుంచుకుని ఆలోచించండి. ఒక పొలంలో అన్నిటికంటె బరువైనది ఏది అవుతుంది? కడుపుతో ఉన్న తల్లి. ఆ బేరగాళ్ళు తెలిసో తెలియకో ముందుగా ఏరుకుంటున్నది ఆమెను.

దీని దాయాది ఒకటి ఒమాన్ ఇసుకలో ఉన్నది. 19వ శతాబ్దం చివరలో మస్కట్‌లో పనిచేసిన భారతీయ వైద్యుడు ఆత్మారామ్ జయకర్ పేరు మీద దానికి 1888లో ఎరిక్స్ జయకారి అని నామకరణం జరిగింది. గల్ఫ్‌లోని మనవారు ఈ పేరు గర్వంగా చెప్పుకోవచ్చును. దాని బంధువర్గంలో చాలావరకు పిల్లలను కనేవి కాగా, ఇది గుడ్లు పెడుతుంది. పూర్వులు గుడ్లు మానివేసి పిల్లలను కన్నా, ఇది తిరిగి గుడ్లకు మళ్ళినదని 2010లో ఇద్దరు పరిశోధకులు వాదించారు. వారు చూపిన ఆధారాలలో ఒకటి చాలా ముచ్చటైనది: ఆ గుడ్డు నుండి వచ్చే పిల్లకు గుడ్డుపన్ను లేదు. పిల్లలను కనే కాలంలో అక్కరలేక పోగొట్టుకున్న పనిముట్టు, గుడ్డు తిరిగి వచ్చినా తిరిగి రాలేదన్నమాట. పద్ధతి ఒక మెట్టు కాదు, ఎక్కినవారు దిగకూడదన్న నియమమూ లేదు.

రెండు తలల పాము అన్న పేరు పూర్వం వేరొక పాముకు కూడ ఉండేది. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములను సేకరించి, స్థానికులు చెప్పిన పేర్లతో 1796లో పెద్ద చిత్రగ్రంథం ప్రచురించాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఆయన పేరే ఉన్నది. ఆయన పుస్తకంలో మాత్రం అది కాటుక రేకుల పొడ. బంగారు పాము అని ఆయన వ్రాసుకున్న మాట నుండే కట్లపాముల శాస్త్రీయ నామం బంగారస్ పుట్టింది. ఆ పుస్తకంలో రెండు తలల పాము అని ఉన్నది, జానెడు కూడ ఉండని, వానపామును పోలిన గుడ్డిపాము. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ ఆ విశాఖ చిత్రాన్ని ఆధారం చేసుకునే దానికి శాస్త్రీయ నామం పెట్టాడు.

నేడు ప్రపంచంలో అన్నిటికంటె విస్తారంగా వ్యాపించిన పాము అదే. మారిషస్, దక్షిణాఫ్రికా, మలేసియా, అరేబియా, హవాయి, ఫ్లారిడా, టెక్సస్, ఎక్కడ చూచినా ఉన్నది. పూలకుండీల మట్టిలో దాగి ఓడలెక్కిపోయింది. ఇంత దూరం ఎలా నెగ్గుకు వచ్చిందంటే, దానికి మగపాము అవసరం లేదు. ఇప్పటివరకు పరీక్షించినవన్నీ ఆడవే. ఒంటరిగా గుడ్లు పెడుతుంది, వాటి నుండి మళ్ళీ ఆడవే పుడతాయి. మగతోడు లేకుండా ఎప్పుడో ఒకసారి పిల్లలను కనడం ఇతర పాములలోనూ ఉన్నది. అమెరికా కాపర్‌హెడ్ పాములు అడవిలో అలా కన్నట్లు 2012లో జన్యుపరీక్షలతో ఋజువయింది. కాని గుడ్డిపాముకు అదే నిత్యజీవితం. చీమల గుడ్లు తింటూ, వడ్లగింజకంటె కాస్త పెద్దవైన నాలుగైదు గుడ్లు పెడుతూ, ఒక్క తల్లి ఒక కుండీ మట్టితో దిగి ఒక ద్వీపమంతా నింపగలదు.

ఇదంతా పొరుగింటి వారికి చెప్పి, గార్టర్ పాము పిల్లలను కన్న మాట నిజమేననీ, కద్రువ గుడ్లు పెట్టిన మాటకూ వచ్చిన లోటు లేదనీ తీర్పు ఇచ్చాను. మనుమడు తృప్తిపడ్డాడు. అమ్మమ్మగారు కద్రువ సంగతి అప్పటికే మరిచిపోయి, "విశాఖపట్నం నుంచి ఇంతదూరం ఒక్కతే వచ్చిందా బాబూ, అదీ కుండీలో?" అని అడిగింది. వాళ్ళింట్లో, ఫ్లారిడా నర్సరీ నుండి తెప్పించుకున్న కరివేపాకు మొక్క ఒకటి దక్షిణపు కిటికీ దగ్గర ఉన్నది. మరునాడు నేను వెళ్ళేసరికి అమ్మమ్మ, మనుమడు పాత వార్తాపత్రిక పరచి, కుండీలో మట్టిని చెంచాతో మెల్లగా పైకి తీసి వెతుకుతున్నారు. దొరికినవి రెండు వానపాములు. వాటిని మళ్ళీ మట్టిలోనే వేశారు.